నలుగురి గదిలో తుపాకీ: టెక్సాస్‌లో ఒక టీఏ కేసు

2017 అక్టోబర్‌లో ఒక గురువారం, ఆఫీసు మూయడానికి ఇంకో అరగంట ఉందనగా ఆ అమ్మాయి వచ్చి నా ఎదురుగా కూర్చుంది. బ్యాగు ఒళ్లోంచి దించలేదు. "మేడమ్, టీఏ మధ్యలో మానేస్తే నా ఐ-20కి ఏమైనా అవుతుందా?" అని అడిగింది. టీఏ అంటే ప్రొఫెసర్‌కి పాఠాల్లో, పేపర్లు దిద్దడంలో సాయం చేసే టీచింగ్ అసిస్టెంట్ ఉద్యోగం. ఐ-20 అంటే స్టూడెంట్ వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే కాగితం.

నేను టెక్సాస్‌లో ఒక ప్రభుత్వ యూనివర్సిటీలో ఇంటర్నేషనల్ స్టూడెంట్ అడ్వైజర్‌ని. వీసా, ఐ-20, ఓపీటీ (చదువయ్యాక పనిచేసే అనుమతి), ఫీజు కట్టలేని సెమిస్టర్లు, ఇవే నా రోజువారీ పని. ఈ ప్రశ్న నాకు నెలకి రెండుసార్లయినా వస్తుంది. కాబట్టి అలవాటు ప్రకారం లెక్క చెప్పడం మొదలుపెట్టాను. వారానికి ఇరవై గంటల టీఏ ఉన్నంత కాలం టెక్సాస్ చట్టం ప్రకారం ఇన్-స్టేట్ ఫీజే, అంటే ఈ రాష్ట్రం వాళ్లు కట్టే తక్కువ ఫీజే పడుతుంది. మానేస్తే వచ్చే సెమిస్టర్ నుంచి బయటివాళ్ల ఫీజు. వీసాకి ఇబ్బంది లేదు గానీ, ఆ తేడా ఎక్కడి నుంచి తెస్తావు అన్నాను. వాళ్ల నాన్న వరంగల్‌లో ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టి లోన్ తీశారని నాకు ముందే తెలుసు.

లెక్కంతా విని తల ఊపింది. లేచి తలుపు దాకా వెళ్లి, మళ్లీ వెనక్కొచ్చింది. ఈసారి "అక్కా" అంది. "సోమవారం ఆఫీస్ అవర్స్‌కి వచ్చిన అబ్బాయి దగ్గర గన్ ఉంది."

గుర్తుపట్టే వివరాలు వదిలేసి, ఆమె చదివి సరేనన్నాకే ఇది రాస్తున్నాను. క్యాంపస్‌లో తుపాకీ మీద వాదన వచ్చినప్పుడల్లా అందరూ ఉన్మాది కాల్పుల గురించే మాట్లాడతారు. నేను దగ్గరుండి చూసిన ఒకే ఒక్క కేసులో ఒక్క తూటా పేలలేదు. ఎవరూ ఎవర్నీ బెదిరించలేదు. అయినా నష్టం జరిగింది. ఆ నష్టానికి ఏ రిపోర్టులోనూ గడి లేదు.

ఆ గదిలో

ఆఫీస్ అవర్స్, అంటే విద్యార్థులు మార్కులూ సందేహాలూ అడగడానికి వచ్చే వేళలు, జరిగేది టీఏల గదిలో. అది రెండో అంతస్తులో ఉంది. నాలుగు బల్లలు, ఆరుగురు టీఏలు, ఒకటే తలుపు. కిటికీ తెరుచుకోదు. ఆమె బల్ల లోపలి మూలన, కుర్చీ గోడకి ఆనుకుని ఉంటుంది. అంటే బయటికి వెళ్లాలంటే ఎదురుగా కూర్చున్న మనిషిని దాటుకునే వెళ్లాలి. సోమవారం మూడు గంటలకి మిగతావాళ్లు క్లాసుల్లో ఉన్నారు. ఆమె డబ్బాలో మిగిలిన పెరుగన్నం తింటోంది. మొదటి మిడ్‌టర్మ్ పేపర్లు శుక్రవారమే ఇచ్చేశారు.

వచ్చిన అబ్బాయికి 61 మార్కులు. రెండు ప్రశ్నల్లో పద్ధతి సరిగానే ఉంది, చివరి జవాబుకి ఎందుకు అన్ని మార్కులు కోశావని అడిగాడు. గొంతు పెంచలేదు. ఆ మాట ఆమె నాకు మూడుసార్లు చెప్పింది. పేపరులో తన లెక్క చూపించడానికి బల్ల మీదికి వంగాడు. టీషర్టు పైకి లేచింది. కుడి పక్క, జీన్స్ లోపలికి దోపి, నల్లటి పిడి. నాలుగు వేళ్లంత కనిపించింది. అతను షర్టు కిందికి లాక్కున్నాడు. మామూలుగా, కళ్లజోడు సర్దుకున్నట్టు.

"అతనేం అంటున్నాడో ఆ తర్వాత నాకు వినపడలేదక్కా. చూస్తానులే అన్నాను. థాంక్యూ చెప్పి వెళ్లిపోయాడు."

ఆ రాత్రి రూముకి వెళ్లి 61ని 67 చేసింది. ఎవరూ చెయ్యమనలేదు. గ్రేడ్ బుక్ తెరిచి, అంకె మార్చి, లాప్‌టాప్ మూసేసిందట. గన్ చూశానని చెప్పినప్పుడు తడబడలేదు గానీ, ఈ ఆరు మార్కుల దగ్గరికి వచ్చేసరికి ఏడ్చింది. తను తప్పు చేసిందని ఆమెకి తెలుసు. ఇంటర్ నుంచి టాపర్, ఎవరి దగ్గరా ఒక్క మార్కు అడుక్కోని పిల్ల.

ఆ నెలలు ఎలాంటివో కూడా చెప్పాలి. ఫిబ్రవరిలో కాన్సస్ రాష్ట్రం ఓలేతలో ఒక తెలుగు ఇంజనీరుని బార్‌లో కాల్చి చంపారు. ఆ తర్వాత వారాల తరబడి తల్లిదండ్రులు మా ఆఫీసుకే ఫోన్లు చేశారు. అక్టోబర్ 1న లాస్ వేగస్‌లో సామూహిక కాల్పులు. 9న మన టెక్సాస్‌లోనే, లబ్బక్‌లో, టెక్సాస్ టెక్ యూనివర్సిటీ పోలీసు స్టేషన్ లోపలే 19 ఏళ్ల విద్యార్థి ఒక ఆఫీసర్‌ని కాల్చాడు. ఆమె వాళ్లమ్మ రోజూ రాత్రి ఫోన్‌లో మొదట అడిగేది "తిన్నావా" కాదు, "రూముకి చేరావా" అని. సోమవారం జరిగింది ఆమె వాళ్లమ్మకి చెప్పలేదు. రూమ్మేట్లకీ చెప్పలేదు.

నేను చేసిన తప్పులు

మొదట నా నోటి నుంచి వచ్చిన మాట: "భయపడకు, అతనికి లైసెన్స్ ఉండే ఉంటుంది. ఇక్కడ అది లీగలే." ఓదారుద్దామనే అన్నాను. ఆమె ముఖంలో ఏదో మూసుకుపోయింది. తను చూసింది పెద్ద విషయం కాదని మేడమే చెప్పేసింది కదా. ఆ మాట వెనక్కి తీసుకోవడానికి నాకు రెండు మీటింగులు పట్టింది.

రెండోది, వెంటనే కంప్లైంట్ ఫారం ముందు పెట్టాను. తెలుగింటి పిల్లకి, అందులోనూ వీసా మీద ఉన్న పిల్లకి, పోలీసు అన్న మాట వినగానే కళ్లముందు కనపడేది రక్షణ కాదు, రికార్డు. "నా పేరు ఎక్కుతుందా? వీసా స్టాంపింగ్‌కి వెళ్లినప్పుడు అడుగుతారా?" అని అడిగింది. సాక్షిగా మాట్లాడితే వీసాకి ఏమీ కాదని ముందు చెప్పి, నీళ్లిచ్చి, తర్వాత ఫారం తీయాల్సింది.

మూడోది పాతది. ఆగస్టు ఓరియంటేషన్‌లో క్యాంపస్ క్యారీ (లైసెన్స్‌తో క్యాంపస్‌లో తుపాకీ పెట్టుకు తిరిగే హక్కు) గురించి మేము చూపించింది ఒకే ఒక స్లైడు. బ్యాంకు అకౌంటుకీ హెల్త్ ఇన్సూరెన్స్‌కీ మధ్యన, నలభై సెకన్లు. జెట్‌లాగ్‌లో ఉన్న పిల్లలకి అందులో ఒక్క ముక్క గుర్తుండదు. తుపాకీ కంటపడితే వెంటనే పోలీసుకి ఫోన్ చెయ్యాలని మా పాలసీలో స్పష్టంగా ఉంది. అది ఆమెకి తెలియదు. తెలియకపోవడం ఆమె తప్పు కాదు.

ఆమె రోజూ దాటి వెళ్లే ల్యాబు తలుపు మీద పెద్ద నోటీసు ఉంటుంది. అంగుళం ఎత్తు అక్షరాలతో, ఇంగ్లీషులోనూ స్పానిష్‌లోనూ, టెక్సాస్ పీనల్ కోడ్ సెక్షన్ 30.06 అని. రసాయనాలు ఉంటాయి కాబట్టి ఆ ల్యాబులోకి తుపాకీ తేకూడదు. అది బిల్డింగ్ మొత్తానికి అనుకుంది ఆమె. నిజానికి ఆ తలుపు దాటి పది అడుగులు వేస్తే వచ్చే టీఏ గదికి ఆ నోటీసు వర్తించదు.

చట్టం ఎవరికి ఏమిచ్చింది

2015లో టెక్సాస్ చట్టసభ సెనేట్ బిల్ 11 పాస్ చేసింది, జూన్‌లో గవర్నర్ గ్రెగ్ అబ్బాట్ సంతకం పెట్టారు. 2016 ఆగస్టు 1 నుంచి ప్రభుత్వ యూనివర్సిటీల్లో, మరుసటి ఏడాది అదే రోజు నుంచి కమ్యూనిటీ కాలేజీల్లో అమలైంది. అంతకుముందు కూడా లైసెన్స్ ఉన్నవాళ్లు క్యాంపస్ రోడ్ల మీద తుపాకీతో నడవొచ్చు, భవనాల్లోకి మాత్రం తేకూడదు. కొత్త చట్టం ఆ తలుపు తెరిచింది. లైసెన్స్ కావాలి, అప్పట్లో మామూలుగా 21 ఏళ్లు నిండాలి, వేలిముద్రలు, క్లాసు, యాభై తూటాల షూటింగ్ పరీక్ష. తుపాకీ బయటికి కనపడకూడదు. 2021లో లైసెన్స్ లేకుండానే తుపాకీ పట్టుకు తిరగొచ్చని రాష్ట్రం ఇంకో చట్టం చేసినా, క్యాంపస్ భవనాల్లోకి లైసెన్స్ తప్పనిసరి అన్నది అలాగే ఉంది.

ప్రైవేటు యూనివర్సిటీలకి వద్దనుకునే వెసులుబాటు ఇచ్చారు. రైస్, బేలర్, ఎస్ఎంయూ, టీసీయూ, దాదాపు అన్నీ వద్దనేశాయి. ప్రభుత్వ యూనివర్సిటీలకి ఆ వెసులుబాటు లేదు. యూనివర్సిటీ ప్రెసిడెంటు "సహేతుకమైన" నియమాలు పెట్టుకోవచ్చు, కానీ వాటి ఫలితం మొత్తంగా నిషేధంలా ఉండకూడదు. ఆస్టిన్‌లో యూటీ (యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్) వేసిన కమిటీలో ప్రతి ఒక్కరూ క్లాసురూముల్లో తుపాకీ లేకుంటేనే మంచిదని అభిప్రాయపడ్డారు. అయినా క్లాసురూముల్లో నిషేధించమని సిఫారసు చేయలేకపోయారు. ఎందుకంటే క్లాసుకే తేలేని లైసెన్సు విద్యార్థికి ఉన్నా లేనట్టే, అది చట్టాన్ని మొత్తంగా కొట్టేసినట్టు అవుతుంది. యూటీ అప్పటి ప్రెసిడెంట్ గ్రెగరీ ఫెన్‌వెస్ తనకి ఇష్టం లేకపోయినా అమలు చేస్తున్నానని బాహాటంగానే చెప్పారు.

ఇక ఆఫీసు గదులు. నా కేసు మొత్తం ఈ ఒక్క క్లాజు మీదే తిరిగింది. యూటీలోనూ, మా దగ్గరా నియమం ఇంచుమించు ఒకటే: ఎవరికైనా ఒక్కరికే కేటాయించిన ఆఫీసు ఉంటే, ఆ గదిలోకి తుపాకీ వద్దని వాళ్లు నోటితో చెప్పొచ్చు. ఒక్కరికే. నలుగురు పంచుకునే గదికి ఆ హక్కు లేదు.

దాని అర్థం ఏమిటో చూడండి. టెన్యూర్ (శాశ్వత ఉద్యోగ భద్రత) ఉన్న ప్రొఫెసర్‌కి సొంత గది ఉంటుంది, ఆయన వద్దనగలడు. 22 ఏళ్ల టీఏకి, ఉద్యోగం పోతే ఫీజు పెరిగే టీఏకి, మార్కుల గొడవలన్నీ ముందుగా వచ్చిపడే టీఏకి, వద్దనే నోరు లేదు. ఈ తేడా ఎవరో కుట్ర పన్ని పెట్టింది కాదు. కమిటీలో కూర్చున్నవాళ్లందరికీ సొంత గదులు ఉన్నాయి. అంతే.

ఏం చేశాం

శుక్రవారం ఆమె అనుమతితో క్యాంపస్ పోలీసు సార్జెంట్‌ని మా ఆఫీసుకే పిలిచాను. ఆవిడ యూనిఫాం మీద కాకుండా మామూలు బట్టల్లో వచ్చారు, అది నేను అడగలేదు, ఆవిడే ఆలోచించారు. ముప్పావుగంట కూర్చున్నారు. ఆ అబ్బాయికి లైసెన్స్ ఉందో లేదో మాకు చెప్పరు, చెప్పకూడదు కూడా. లైసెన్స్ వివరాలు రాష్ట్ర చట్టం ప్రకారం గోప్యం. విద్యార్థిని నేరుగా అడిగే హక్కు మా పాలసీలో స్టాఫ్‌కీ లేదు. తెలిసి, కావాలని ఎదుటివాళ్లకి కనపడేలా చూపిస్తే నేరం, వంగినప్పుడు షర్టు లేస్తే నేరం కాదు. "అతను కావాలని చూపించాడని నీకనిపించిందా?" అని సార్జెంట్ అడిగారు. ఆమె చాలాసేపు ఆలోచించి "లేదు" అంది. ఆ నిజాయితీకి నేను ఇప్పటికీ ఆమెని మెచ్చుకుంటాను.

వారం తర్వాత పోలీసులు అతనితో మాట్లాడారు, కేసు లేదన్నారు. డీన్ ఆఫీసు ద్వారా అతను మూడు లైన్ల ఉత్తరం పంపాడు. కనపడిందని తనకి తెలియదని, కొత్త హోల్‌స్టర్ (తుపాకీ ఒర) కొన్నానని, క్షమించమని. ఆమె చదివి మడిచి బ్యాగులో పెట్టుకుంది, జవాబు రాయలేదు. రాయమని నేను బలవంతపెట్టలేదు. అతను చెడ్డవాడని నేను అనుకోవడం లేదు. ఎదుటి కుర్చీలో ఉన్న మనిషికి తను ఎలా కనిపిస్తాడో అతనికి ఎవరూ నేర్పలేదు. షూటింగ్ పరీక్షలో అది ఉండదు.

మార్కుల విషయం కష్టమైంది. ఆ ఆరు మార్కులు దాచమని ఆమె నన్ను అడగలేదు గానీ, దాస్తానేమోనన్న ఆశ కళ్లలో కనపడింది. ప్రొఫెసర్‌కి చెప్పక తప్పదన్నాను. ఇద్దరం కలిసే వెళ్లాం. ఆయన కోప్పడలేదు. ఆ రెండు ప్రశ్నలకీ క్లాసు మొత్తం పేపర్లని, పేర్లు తీసేసి, ఇంకో టీఏ చేత మళ్లీ దిద్దించారు. అతనికి 63 వచ్చింది. అంటే అతని ఫిర్యాదులో రెండు మార్కుల న్యాయం ఉంది, నాలుగు మార్కులు భయం ఇచ్చింది. ఈ అంకెలు నన్ను ఇప్పటికీ వదలవు.

ఆ రోజు నుంచి ఆ కోర్సు టీఏలందరి ఆఫీస్ అవర్సూ లైబ్రరీలో అద్దాల గదికి మార్చారు. అక్కడా తుపాకీ నిషేధం లేదు. కానీ ఒంటరిగా ఉండరు, రెండు తలుపులున్నాయి. ఆమె టీఏ మానలేదు. ఫీజు పెరగలేదు. పాత గదిలో బల్లని నేనూ ఆమే కలిసి తిప్పాం, కుర్చీ తలుపు పక్కకి వచ్చేలా.

వాదనలో నేను ఎక్కడ

మా ఆఫీసులోనే పనిచేసే ఒకావిడకి లైసెన్స్ ఉంది. ఒకప్పుడు భర్త వెంటపడి వేధించాడు, కోర్టు ఉత్తర్వు కాగితం చేతిలో ఉన్నా పార్కింగ్ లాట్‌లో నిలబడేవాడు. "ఆ కాగితంతో అతన్ని ఆపనా?" అని ఆవిడ అడిగితే నా దగ్గర జవాబు లేదు. లైసెన్స్ ఉన్నవాళ్లు నేరాల్లో దొరకడం చాలా అరుదని లైసెన్సులిచ్చే రాష్ట్ర డీపీఎస్ (పబ్లిక్ సేఫ్టీ శాఖ) ఏటా ప్రచురించే లెక్కలే చెబుతాయి. ఈ రెండూ నేను కాదనను.

2007లో వర్జీనియా టెక్‌లో 32 మందిని చంపాక, క్యాంపస్‌లో తుపాకీ అనుమతించాలన్న ఉద్యమం ఊపందుకుంది. ఆ డిసెంబర్‌లోనే లూసియానా స్టేట్ యూనివర్సిటీ క్యాంపస్ అపార్ట్‌మెంట్‌లో మన తెలుగు పీహెచ్‌డీ విద్యార్థులు ఇద్దరిని కాల్చి చంపారు. నేను అప్పుడు ఇంకా చదువుకుంటున్నాను. వాళ్ల దగ్గర తుపాకీ ఉంటే బతికేవాళ్లా అని మా రూములో రాత్రంతా వాదించుకున్నాం. ఆ ప్రశ్నకి నిజాయితీగా ఎవరూ జవాబు చెప్పలేరు. 2015లో ఒరెగాన్‌లోని అంప్క్వా కాలేజీలో కాల్పులు జరిగినప్పుడు, లైసెన్స్‌తో తుపాకీ ఉన్న మాజీ సైనికుడు ఒకతను క్యాంపస్‌లోనే ఉన్నాడు. బయటికి వెళ్తే పోలీసులు తననే హంతకుడు అనుకుంటారని వెళ్లలేదు. శిక్షణ ఉన్నవాడు కాబట్టే ఆగాడు. ఇంకోవైపు, 2014లో ఐడహో స్టేట్ యూనివర్సిటీలో, అక్కడ ఇలాంటి చట్టం అమలైన రెండు నెలలకే ఒక అసిస్టెంట్ ప్రొఫెసర్ జేబులో తుపాకీ పేలి క్లాసులోనే తన పాదానికి తగిలింది. టెక్సాస్‌లో చట్టం అమలైన ఆరు వారాలకి టార్ల్‌టన్ స్టేట్ యూనివర్సిటీ హాస్టల్లో ఒక తుపాకీ పొరపాటున పేలింది, అదృష్టం కొద్దీ ఎవరికీ తగల్లేదు.

చదువు జరిగే గదిలోకి తుపాకీ రాకూడదన్నది నా అభిప్రాయం. కారణం కాల్పుల భయం ఒక్కటే కాదు. మార్కు వేసేవాళ్లూ, వేయించుకునేవాళ్లూ కూర్చునే బల్ల మీద ఇద్దరి మాటకే బరువు ఉండాలి. ఒకరి నడుముకి ఇంకో బరువు ఉన్నప్పుడు, అతను మంచివాడైనా సరే, మాట మాటగా మిగలదు. యూటీలో ముగ్గురు మహిళా ప్రొఫెసర్లు క్లాసులో చర్చ అణిగిపోతుందని కోర్టుకి వెళ్తే, మీ భయం మీరు ఊహించుకున్న హాని మీద నిలబడిందని 2018లో ఐదో సర్క్యూట్ ఫెడరల్ అప్పీల్ కోర్టు, కేసు కొట్టివేతనే ఖాయం చేసింది. ఆ తీర్పు చదివిన రోజు నాకు 61, 67, 63 గుర్తొచ్చాయి. ఊహ కాదు అది. గ్రేడ్ బుక్‌లో మార్పు జరిగిన సమయం కూడా నమోదై ఉంది: రాత్రి 11:42.

మన పిల్లలకి ఇందులో ఇంకో చిక్కు

ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లకి ఈ చట్టం ఇచ్చే హక్కు దాదాపు వర్తించదు. నాన్-ఇమిగ్రెంట్ (తాత్కాలిక) వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడమే ఫెడరల్ నేరం. కొన్ని మినహాయింపులు ఉన్నాయి, పిల్లలకి తెలిసింది ఒకటే: హంటింగ్ లైసెన్స్. వేటకి ఎప్పుడూ వెళ్లని అబ్బాయిలు ఆ కాగితం కొనుక్కుని "ఇప్పుడు నాకు లీగలే కదా మేడమ్" అని వస్తారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు టెన్షన్. 2024లో అట్లాంటాలో తెలంగాణ విద్యార్థి ఒకతను తన తుపాకీ శుభ్రం చేసుకుంటుండగా పేలి చనిపోయాడు. వాళ్లమ్మానాన్నల గురించి ఆలోచిస్తే మాట రాదు.

ఇప్పుడు ఓరియంటేషన్‌లో దీనికి నలభై నిమిషాలు ఇస్తున్నాం, మొదటి రోజు కాదు, రెండో వారంలో, నిద్ర తీరాక. తెలుగులో, హిందీలో, చైనీస్‌లో చిన్న గుంపులుగా కూర్చోబెట్టి చెబుతాం. ల్యాబు నోటీసు ఫోటో చూపించి అది ఎక్కడిదాకా వర్తిస్తుందో చెబుతాం. కంటపడితే ఎవరికి ఫోన్ చెయ్యాలో అక్కడే ఫోన్లో సేవ్ చేయిస్తాం. రూమ్మేట్ తుపాకీ ఉన్న అపార్ట్‌మెంట్‌లో ఉంటే వీసా ఉన్న మీకు ఏ ఇబ్బంది రావచ్చో చెబుతాం. టీఏలకి విడిగా ఒక మాట: భయంలో మార్కు మార్చి ఉంటే, 48 గంటల్లో ప్రొఫెసర్‌కి చెప్పండి, అది తప్పుగా రాసుకోరు. ఈ ఆఖరి లైను కోసం ప్రొఫెసర్లతో రెండేళ్లు మాట్లాడాల్సి వచ్చింది.

ఆఫీసు క్లాజు మాత్రం మారలేదు. పంచుకునే గదిలో ఉన్నవాళ్లందరూ ఒప్పుకుంటే, ఆఫీస్ అవర్స్ జరిగే వేళల్లో ఆ గదిని సొంత ఆఫీసులాగే చూడాలని నేనూ ఇద్దరు ప్రొఫెసర్లూ కలిసి ప్రతిపాదన పెట్టాం. మొదటిసారి కమిటీ, అలాంటి గదులు చాలా ఉన్నాయి, కలిపితే మొత్తంగా నిషేధం అయిపోతుందని తిప్పి పంపింది. రెండోసారి గదుల జాబితా, గంటల లెక్క జతచేసి పెట్టాం. వారానికి ఆరు గంటలు, పద్నాలుగు గదులు. దానికి ఇంకా జవాబు రాలేదు. ఈ నియమాలు ఏమిటో, ఎందుకు పెట్టారో ప్రతి సరి సంవత్సరం సెప్టెంబర్ 1 లోపు యూనివర్సిటీ చట్టసభకి రిపోర్టు ఇవ్వాలి. ఆ రిపోర్టులో ఈ పద్నాలుగు గదుల గురించి ఒక పేరా అయినా చేర్చమని అడుగుతూ ఈ కేసుని, పేర్లు లేకుండా, ప్రతిపాదనకి అనుబంధంగా పంపాను.